చికాగో 1893: గాజు గుమ్మటం కింద ఒక గుహ, ప్లాస్టర్ కొండలో ఇంకొకటి

బెలుం దారి (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

1893 చికాగో ప్రపంచ ప్రదర్శన అనగానే మనవాళ్లకు వివేకానందుడి ప్రసంగం గుర్తొస్తుంది, మహా అయితే ఫెర్రిస్ కట్టిన 264 అడుగుల జెయింట్ వీల్ గుర్తొస్తుంది. ఆ మైదానంలో జనం రెండు కట్టుడు గుహల్లోకి కూడా వెళ్లొచ్చారన్న సంగతి మన దగ్గర ఎవరూ రాసినట్టు చూడలేదు. అందుకే ఈ థ్రెడ్.

మొదటిది ఉద్యానవన భవనంలో ఉండేది. విలియం లె బారన్ జెన్నీ డిజైన్ చేసిన భవనం. మధ్యలో 187 అడుగుల వెడల్పు, 113 అడుగుల ఎత్తు ఉన్న గాజు గుమ్మటం. ఆ గుమ్మటం కింద ఒక చిన్న కొండ పేర్చి, దాని మీద తాటిజాతి చెట్లు, ఫెర్న్‌లు నాటారు. కొండ పొట్టలో గుహ. దాని గోడలకు సౌత్ డకోటా రాష్ట్రంలోని బ్లాక్ హిల్స్ నుంచి తెచ్చిన స్ఫటికాలు అతికించి కరెంటు దీపాలు పెట్టారు. చాలామంది ఇళ్లలో ఇంకా కరెంటు లేని కాలం అది.

రెండోది మైదానం దక్షిణ భాగంలో, ఆంత్రోపాలజీ భవనం దగ్గర్లో. పేరు 'క్లిఫ్ డ్వెల్లర్స్', అంటే కొండచరియల్లో కాపురమున్నవాళ్లు. ఏకంగా ఒక కొండనే కట్టి, లోపల కొండచరియ గూళ్లు, వాటిలో పాత రాతి ఇళ్ల నమూనాలు పెట్టారు. దీనికి లోపలికి వెళ్లడానికి విడిగా టికెట్.

నేను పుట్టి పెరిగింది బెలుం గుహలకు దగ్గర్లో. గుహను చూడటానికి జనం రావడం వల్ల ఊరికి ఏం జరుగుతుందో, గుహకు ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కానీ గుహే జనం దగ్గరికి వెళ్తే? ఈ రెండు కట్టుడు గుహల గురించి తెలిసినవాళ్లు రాయండి. ముఖ్యంగా వాటిలో పెట్టిన వస్తువులు ఎక్కడివి, తర్వాత ఎక్కడికి పోయాయి అన్నది.

ప్రశ్నల సంచి

భలే టాపిక్ అండీ. నాకు రెండు సందేహాలు. ఒకటి, వివేకానందుడు అసలు ప్రదర్శన మైదానం చూశారా? ఉపన్యాసం ఇచ్చింది అక్కడేనా? రెండు, కొండను 'కట్టడం' అంటే దేనితో కట్టారు? సినిమా సెట్ లాంటిదా?

లేక్‌షోర్ లలిత

నేను చికాగో శివార్లలో ఉంటాను, ఈ ప్రదర్శన గురించి చాలా ఏళ్లుగా చదువుతున్నాను. వరసగా చెప్తాను.

సర్వమత సభ జరిగింది ప్రదర్శన మైదానంలో కాదు. అది నగరం నడిబొడ్డున, ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న భవనంలో జరిగింది. ప్రదర్శన మైదానం దానికి దక్షిణంగా మైళ్ల దూరాన, సరస్సు ఒడ్డున జాక్సన్ పార్కులో. అయితే స్వామీజీ ప్రదర్శన చూశారు. సెప్టెంబరు సభకు ముందే వేసవిలో చికాగో వచ్చి పన్నెండు రోజులు ఉండి, దాదాపు రోజూ అక్కడికి వెళ్లానని 1893 ఆగస్టు 20న మద్రాసులోని అళసింగ పెరుమాళ్‌కు ఉత్తరం రాశారు. మొత్తం చూడాలంటే కనీసం పది రోజులైనా కావాలన్నారు. మే 1 నుంచి అక్టోబరు 30 దాకా నడిచిన ఆ ప్రదర్శనకు 2 కోట్ల 70 లక్షలకు పైగా ప్రవేశాలు నమోదయ్యాయి.

రెండో ప్రశ్నకు జవాబు: 'స్టాఫ్' అనే పదార్థం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కొంచెం సిమెంటు, జనపనార పీచు కలిపి అచ్చుల్లో పోసేవాళ్లు. ఆరాక రంపంతో కోయొచ్చు, మేకు కొట్టొచ్చు, రంగు వేయొచ్చు. 'వైట్ సిటీ' అని పేరుపడ్డ ఆ తెల్లటి మహాభవనాలన్నీ లోపల ఇనుము, కర్ర, పైన ఈ స్టాఫే. క్లిఫ్ డ్వెల్లర్స్ కొండ కూడా అంతే. కర్ర, ఇనుము చట్రం కట్టి, పైన రాయి, పలకలు, స్టాఫ్ వేసి, ఇసుకరాయి రంగు పూశారు. బయటి నుంచి మెలికలు తిరిగే కాలిబాట ఎక్కి కొండ పైదాకా పోవచ్చు.

మీరు ఇప్పుడు జాక్సన్ పార్కుకు వస్తే ఈ రెండింటి ఆనవాలూ ఉండదు. ప్రదర్శన ముగిశాక 1894 జనవరిలో ఒకసారి, జులైలో ఇంకోసారి మంటలు చెలరేగి పెద్ద భవనాలు చాలావరకు కాలిపోయాయి. లలితకళల భవనం ఒక్కటే నిలిచింది. అందులో ఇప్పుడు సైన్స్ మ్యూజియం నడుస్తోంది.

డెన్వర్ శీను

కొండచరియల ఇళ్ల సంగతి నేను రాస్తాను, ఆ ఇళ్లు అసలు ఉన్న మెసా వెర్డే మా కొలరాడో రాష్ట్రంలోదే కాబట్టి.

కొలరాడో నైరుతి మూలన, కోర్టెజ్ ఊరి దగ్గర మాక్‌ఎల్మో లోయలో బ్యాటిల్ రాక్ అనే కొండ ఉంది. చికాగోలో కట్టింది దాని రూపం. లోపల పెట్టింది మాత్రం ఎక్కువగా మెసా వెర్డే ఇళ్ల నమూనాలు, అసలు కంటే చిన్న కొలతల్లో. మిన్నియాపొలిస్‌కు చెందిన హెచ్. జే స్మిత్ ఎక్స్‌ప్లోరింగ్ కంపెనీ ఈ వ్యాపారం పెట్టింది. ముందుగా ఒక బృందం లోయలకు వెళ్లి ఫొటోలు, కొలతలు తీసుకుంది. అలెక్సిస్ ఫోర్నియే అనే చిత్రకారుడు వెంట వెళ్లి బొమ్మలు గీశాడు. ఆ లోయల దృశ్యాలను పెద్ద తెరల మీద వేసి గుహ లోపల నిలబెట్టారు.

అసలు ఇళ్లు ఎవరివి? ఇప్పటి హోపీ, జూనీ, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ప్యూబ్లో జనాల పూర్వీకులవి. అన్నింటికంటే పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌లో సుమారు 150 గదులు, 23 కీవాలు ఉన్నాయి. కీవా అంటే నేలలోకి గుండ్రంగా కట్టుకున్న గది, పూజలకూ కూడికలకూ వాడేది. కట్టింది ఎక్కువగా 13వ శతాబ్దంలో, మన దగ్గర కాకతీయ గణపతిదేవుడు, రుద్రమదేవి పాలించిన కాలం. 1276 నుంచి 1299 దాకా అక్కడ పెద్ద కరువు. 1300 వచ్చేసరికి జనమంతా దక్షిణానికి వలసపోయారు.

1888 డిసెంబరు 18న రిచర్డ్ వెథరిల్, ఆయన బావ చార్లెస్ మేసన్ తప్పిపోయిన పశువులను వెతుక్కుంటూ వెళ్లి, మంచు కురుస్తుండగా ఎదుటి కొండచరియలో క్లిఫ్ ప్యాలెస్‌ను చూశారు. 'కనుగొన్నారు' అని రాస్తారు కానీ అది యూట్ జనాల నేల, వాళ్లకు ఆ ఇళ్లు ఎప్పటి నుంచో తెలుసు. వెథరిల్ కుటుంబం, ఇంకా కొందరు అక్కడ తవ్వి కుండలు, బుట్టలు, చెప్పులు, ఈకల దుప్పట్లు పోగేసి అమ్మడం మొదలుపెట్టారు. అలా పోగైన వాటిలో పెద్ద భాగం చికాగో కట్టుడు కొండలోకి చేరింది.

వస్తువులతో పాటు మనుషులు కూడా. ఆ పొడి గాలికి శవాలు పాడవకుండా ఎండిపోయి నిలుస్తాయి. వాటిని సమాధుల్లోంచి తీసి, టికెట్ కొన్నవాళ్లకు చూపించారు. రాయి నకిలీ, లోపలి మనుషులు అసలు.

రాతిపొర

భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ రెండు గుహలూ ఒక్క రకం కావు, అది ముందు తెలియాలి.

మెసా వెర్డేలో ఉన్నవి లోతైన గుహలు కావు, కొండ ముఖంలో పడిన పెద్ద గూళ్లు. పైన ఇసుకరాయి, దాని కింద షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలకరాయి). వాన నీరు, మంచు నీరు ఇసుకరాయిలోకి ఇంకి కిందికి దిగుతుంది. షేల్ నీటిని దిగనివ్వదు కాబట్టి ఆ నీరు పక్కకు పారి కొండ ముఖం దగ్గర ఊటగా బయటపడుతుంది. చలికాలంలో గడ్డకట్టి రాతిని పగలగొడుతుంది. వేల ఏళ్లు ఇలా జరిగితే పైకప్పు మిగిలి కింద గూడు పడుతుంది. ఆ గూటి వెనక ఊట ఉంటుంది, అంటే ఇంట్లోనే తాగునీరు. దక్షిణానికీ నైరుతికీ తెరుచుకున్న గూళ్లలో చలికాలపు వాలు ఎండ లోపలికి పడుతుంది, వేసవిలో నడినెత్తి ఎండకు పైకప్పు నీడనిస్తుంది. ప్లాస్టర్ కొండలో ఇవేవీ ఉండవు. ఆ ఇల్లు అక్కడే ఎందుకు కట్టారన్నది అక్కడి నీరూ ఎండా చెప్తాయి. వాటిని చికాగో ఎలా తీసుకెళ్తారు?

బ్లాక్ హిల్స్ గుహలు వేరు. అవి సున్నపురాయి కరిగి ఏర్పడిన చిక్కుదారుల గుహలు. వాటిలో ప్రసిద్ధమైనది విండ్ కేవ్. బయట గాలి పీడనం తగ్గితే గుహలోంచి గాలి బయటికి తన్నుతుంది, పెరిగితే లోపలికి పీల్చుకుంటుంది. అంత పెద్ద గుహకు సహజంగా ఉన్న ద్వారం చాలా చిన్నది, అందుకే ఆ ఊపు. లోపల 'బాక్స్‌వర్క్' అని, పల్చటి కాల్సైట్ పలకలు తేనెపట్టు గదుల్లా అల్లుకుని ఉంటాయి. ప్రపంచంలో మనకు తెలిసిన బాక్స్‌వర్క్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క గుహలోనే ఉంది. విరిస్తే మన జీవితకాలంలో మళ్లీ రాదు, మన మునిమనవళ్ల కాలంలోనూ రాదు. గాజు గుమ్మటం కింది గుహ మెరిసిందంటే, ఎక్కడో ఒక అసలు గుహ గోడ అంత మేర బోడిగా మిగిలిందన్నమాటే.

బెలుం దారి

మాస్టారూ, మీరు విండ్ కేవ్ పేరు ఎత్తారు కాబట్టి ఈ థ్రెడ్‌లో తప్పకుండా చెప్పాలనుకున్న మనిషి గురించి ఇప్పుడు రాస్తాను.

ఆల్విన్ మెక్‌డొనాల్డ్. ఒక గనుల కంపెనీ 1890లో వాళ్ల నాన్న జెస్సీ మెక్‌డొనాల్డ్‌ను విండ్ కేవ్ చూసుకోవడానికి పెట్టుకుంది. అప్పటికి ఆల్విన్‌కు పట్టుమని పదిహేడేళ్లు. గనికి పనికొచ్చేదేమీ దొరకలేదు. కుటుంబం జనానికి గుహ చూపించి బతకడం మొదలుపెట్టింది. ఈ కుర్రాడు మాత్రం కొవ్వొత్తి పట్టుకుని, దారి తప్పకుండా దారపు ఉండ విప్పుకుంటూ రోజూ లోపలికి పోయేవాడు. చూసిన ప్రతి గదికీ పేరు పెట్టాడు, డైరీ రాశాడు. గుహ చివర కనుక్కోవాలన్న ఆలోచన వదిలేశానని 1891లో రాసుకున్నాడు. ఆ గుహలో ఇప్పటికి 150 మైళ్లకు పైగా కొలిచారు, ఇంకా కొలుస్తూనే ఉన్నారు.

1893లో తండ్రీ కొడుకులు గుహలోని నమూనా రాళ్లు పట్టుకుని చికాగో ప్రదర్శనకు వెళ్లారు, గుహకు ప్రచారం కోసం. అక్కడ ఆల్విన్‌కు టైఫాయిడ్ సోకింది. ఇంటికొచ్చి ఆ డిసెంబరు 15న చనిపోయాడు. ఇరవై ఏళ్లు. సమాధి గుహ ద్వారానికి దగ్గర్లోనే ఉంది.

ప్రపంచ ప్రదర్శన చరిత్ర అంటే భవనాల కొలతలు, టికెట్ లెక్కలు చెప్తారు. ఆ గుహను అందరికంటే ఎక్కువ ప్రేమించిన కుర్రాడు దాని రాళ్లు చూపించడానికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడని కూడా చెప్పాలి. పదేళ్లు తిరక్కుండానే, 1903 జనవరిలో విండ్ కేవ్ జాతీయ పార్కు అయింది. ప్రపంచంలోనే ఒక గుహను కాపాడటానికి పెట్టిన మొదటి జాతీయ పార్కు అదే.

డెన్వర్ శీను

అన్నా, ఇంకొకటి కలపాలి. విండ్ కేవ్ లకోటా జనాలకు పుట్టిల్లు. తమ పూర్వీకులు భూమి లోపలి నుంచి ఆ చిన్న ద్వారం గుండానే పైకి వచ్చారని వాళ్ల సృష్టి కథ. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో బ్లాక్ హిల్స్ వాళ్లవేనని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. 1874లో బంగారం కనబడింది, 1877లో లాక్కుంది. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టే ఒప్పుకుని పరిహారం ఇమ్మంది. లకోటాలు ఆ డబ్బు ఇప్పటికీ ముట్టలేదు, మాకు నేల కావాలంటున్నారు. 1893లో గుమ్మటం కింద జనం ముచ్చటపడి చూసిన స్ఫటికాలు ఆ కొండలవే.

పబ్లిక్ గార్డెన్స్

హైదరాబాద్ నుంచి. ఈ కథ చదువుతుంటే నాకు అజంతా గుర్తొస్తోంది. అజంతా 1948 దాకా నిజాం రాజ్యంలో ఉన్నది, కాబట్టి మనకు దగ్గరి సంగతే.

మద్రాసు సైన్యంలో అధికారి రాబర్ట్ గిల్‌ను 1844లో అజంతా చిత్రాలకు నకళ్లు తీయమని నియమించారు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి పెద్ద పెద్ద గుడ్డల మీద గీశాడు. వాటిని లండన్ పంపి క్రిస్టల్ ప్యాలెస్‌లో వేలాడదీశారు. 1851 ప్రపంచ ప్రదర్శనకు కట్టి, తర్వాత విప్పి సిడెన్‌హామ్‌లో మళ్లీ నిలబెట్టిన గాజు భవనమే అది. 1866 డిసెంబరులో అక్కడ మంటలు లేచి గిల్ బొమ్మలు దాదాపు అన్నీ కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి 1885 దాకా మళ్లీ నకళ్లు తీయించాడు. అవి కూడా లండన్ వెళ్లాయి, 1885లో సౌత్ కెన్సింగ్టన్ అగ్నిప్రమాదంలో చాలా పోయాయి.

నకళ్లు కాలిపోవడం ఒక్కటే అయితే సరిపోయేది. గీసేటప్పుడు రంగులు స్పష్టంగా కనబడాలని అసలు గోడల మీద వార్నిష్ పూశారు. అది మాసి, పచ్చబడి, పగిలి అసలుకే చేటు తెచ్చింది. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించాక, 1920ల మొదట్లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఒర్సీనీ అనే నిపుణులను రప్పించింది. వాళ్లు ఊడిపోతున్న పొరలను నిలబెట్టారు, పాత వార్నిష్ కొంత తీశారు. వాళ్లు పూసిన లక్క కూడా తర్వాత ముదురు రంగుకు తిరిగింది.

సయ్యద్ అహ్మద్ లాంటి చిత్రకారులు తీసిన అజంతా నకళ్లు మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. జనం మమ్మీని చూసి వెళ్లిపోతారు, అజంతా గది ఖాళీగా ఉంటుంది.

ప్రశ్నల సంచి

అందరూ చెప్పింది విన్నాక కూడా ఒక మాట అడగాలనిపిస్తోంది. 1893లో చికాగోలో ఒక కూలి మనిషి మెసా వెర్డే వెళ్లగలడా? గుర్రాల మీద రోజుల ప్రయాణం కదా. ప్లాస్టర్ కొండే లేకపోతే లక్షల మందికి ఆ ప్యూబ్లో జనాలు ఇంత గొప్పగా కట్టారన్న సంగతే తెలిసేది కాదు. తెలిసింది కాబట్టే తర్వాత కాపాడాలన్న ఆలోచన వచ్చింది కదా? నకలును మొత్తంగా తప్పుపడితే అది న్యాయం కాదేమో.

లేక్‌షోర్ లలిత

నువ్వు చెప్పినదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను బాబూ. అదే ప్రదర్శనలో మంచి నకలు కూడా ఉంది. ఆంత్రోపాలజీ విభాగం పెద్ద, హార్వర్డ్‌కు చెందిన ఫ్రెడరిక్ పట్నం, మెక్సికోలోని యుకటాన్‌లో ఉన్న మాయా శిథిలాల ముఖభాగాలను చికాగోలో నిలబెట్టించాడు. ఎడ్వర్డ్ థాంప్సన్ అనే ఆయన ఉష్మాల్, లబ్నా గోడలకు తడి కాగితపు గుజ్జుతో అచ్చులు తీసి పంపితే, వాటిలో స్టాఫ్ పోశారు. రాళ్లు అక్కడే ఉండిపోయాయి, రూపం మాత్రం ప్రయాణం చేసింది. అలాంటి నకలు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కానీ ఎవరిదో అమ్మనో తాతనో సమాధిలోంచి తీసి అద్దాల పెట్టెలో పెట్టడాన్ని 'జనానికి తెలిసింది' అన్న లెక్కలో కలపలేను. అది కూలి మనిషి కోసం చేసిన పని కాదు, టికెట్ డబ్బుల కోసం చేసింది. ఆ ప్యూబ్లో జనాల వారసులు అప్పటికీ బతికే ఉన్నారు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఇందులో మొహమాటం లేకుండా తప్పును తప్పు అనాలి.

డెన్వర్ శీను

తర్వాత ఏమైందో చెప్పి, ప్రశ్నల సంచికి నా జవాబు కూడా చెప్తాను.

హెచ్. జే స్మిత్ కంపెనీ వస్తువులు ప్రదర్శన తర్వాత చేతులు మారాయి. ఫీబీ హెర్స్ట్ అనే సంపన్నురాలు కొని ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియానికి ఇచ్చారు. ఇంకో పెద్ద సేకరణ దేశమే దాటింది. 1891లో గుస్తాఫ్ నార్డెన్‌షెల్డ్ అనే స్వీడన్ యువకుడు మెసా వెర్డేలో తవ్వి, సామాను రైలెక్కించబోతే డురాంగోలో అరెస్టు చేశారు. ఆపడానికి చట్టమే లేకపోవడంతో వదిలేశారు. ఆ సామాను చివరికి ఫిన్లాండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. పాత కట్టడాల చట్టం 1906 జూన్ 8న వచ్చింది, అదే నెల 29న మెసా వెర్డే జాతీయ పార్కు అయింది.

కాబట్టి జనానికి తెలియడం వల్ల కాపాడాలన్న ఆలోచన వచ్చిందన్నది నిజమే. కాకపోతే తెలియజెప్పినవాళ్లే ముందు ఖాళీ చేసి, ఆ తర్వాత చట్టం వచ్చింది. ఈ రెండూ కలిపి చెప్పాలి.

2020 సెప్టెంబరులో ఫిన్లాండ్ నుంచి 20 మంది అవశేషాలు, వాళ్ల సమాధుల్లోని 28 వస్తువులు తిరిగొచ్చాయి. హోపీ, జూనీ తదితర జనాల ప్రతినిధులు వాటిని మెసా వెర్డేలోనే మళ్లీ ఖననం చేశారు. ఎక్కడన్నది బయటికి చెప్పలేదు, చెప్పకపోవడమే సరైనది.

పబ్లిక్ గార్డెన్స్

నకళ్లు ఎన్ని రకాలో చూడండి. 1900 పారిస్ ప్రదర్శనలో ట్రొకాడెరో కింది పాత రాతి క్వారీల్లో 'భూగర్భ ప్రపంచం' అని గుహలు, సమాధులు, గనులు కట్టి చూపించారు. అది వినోదం. ఫ్రాన్స్‌లోనే లాస్కో గుహ 1948లో జనానికి తెరిస్తే, రోజుకు వెయ్యి మందికి పైగా వచ్చి వాళ్ల ఊపిరికే గోడల మీద నాచు పట్టింది. 1963లో మూసేశారు. 1983లో దగ్గర్లోనే అచ్చం అలాంటిదే కట్టి తెరిచారు. అది కాపలా. మన నాగార్జునకొండలో లోయ మునిగిపోతుందని కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్లీ కట్టారు, కొన్నింటికి నమూనాలు పెట్టారు. అది నష్టం తర్వాత మిగుల్చుకున్నది.

చికాగో కట్టుడు గుహలు మొదటి రకానివి. వాటిని లాస్కోతో కలిపి ఒకే గాటన కట్టొద్దని నా మనవి.

రాతిపొర

పబ్లిక్ గార్డెన్స్ గారి విభజన బాగుంది. నా వైపు నుంచి ఒక్కటి. నకలు చూసినప్పుడు ముందు అడగాల్సింది 'ఎంత బాగా చేశారు' అని కాదు, 'దీనికోసం అసలులోంచి ఏం తీశారు' అని. మాయా గోడలకు జవాబు: అచ్చు తప్ప ఏమీ తీయలేదు. స్ఫటికాల గుహకు జవాబు: గోడే తీశారు.

కూకట్‌పల్లి టు డాలస్

ఇన్నాళ్లూ చదవడమే, ఇదే నా మొదటి పోస్టు. ఈ వేసవిలో అమ్మానాన్నలను తీసుకుని మెసా వెర్డే, ఆ తర్వాత విండ్ కేవ్ వెళ్లాలనుకుంటున్నాం. పెద్దవాళ్లు లోపలికి దిగగలరా? టికెట్లు ముందే కొనాలా?

డెన్వర్ శీను

స్వాగతం అండీ. క్లిఫ్ ప్యాలెస్‌లోకి సొంతంగా పోనివ్వరు, పార్కు రేంజర్ వెంట వెళ్లాలి, టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, సీజన్‌లో తొందరగా అయిపోతాయి. ఎగుడుదిగుడు రాతి మెట్లు, నిచ్చెనలు ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉంటే టెన్షన్ పడకండి, పైన రోడ్డు పక్క వ్యూ పాయింట్ నుంచి ఊరంతా కనబడుతుంది. ఎత్తు 7 వేల అడుగులు దాటుతుంది కాబట్టి మొదటి రోజు నెమ్మదిగా నడవండి, నీళ్లు ఎక్కువ తాగించండి.

విండ్ కేవ్‌లో కూడా రేంజర్ వెంటే. లోపల ఏడాది పొడవునా 12 డిగ్రీల సెల్సియస్ చలి, అమ్మగారికి స్వెటర్ తీసుకెళ్లండి. మెట్లు చాలా ఉంటాయి, తక్కువ మెట్లున్న టూర్ ఏదో టికెట్ కౌంటర్‌లో అడగండి. గాలి వీచే ఆ చిన్న సహజ ద్వారం బయటే ఉంటుంది, దాని దగ్గరికి పెద్దవాళ్లు కూడా వెళ్లొచ్చు. లకోటా కథ రేంజర్ను అడిగితే చెప్తారు.

బెలుం దారి

ఒకటి నేను కలుపుతాను. వేరే ఏ గుహలోనైనా వాడిన చెప్పులు, బట్టలు అక్కడికి వేసుకెళ్లకండి. గబ్బిలాలను చంపే వైట్ నోస్ అనే బూజు తెగులు ఒక గుహ నుంచి ఇంకో గుహకు మన చెప్పులతోనే పోగలదు, అందుకే ద్వారం దగ్గర అడుగుతారు. ఇండియాలో బొర్రా, బెలుం చూసొచ్చిన బూట్లు సూట్‌కేసులో ఉంటే వాటిని ఇంట్లోనే వదిలేయండి.

వెళ్లొచ్చాక ఇక్కడే రాయండి. ఆల్విన్ సమాధి దగ్గర కంచు పలక మీద ఏం రాసి ఉందో చదివి ఫొటో పెడితే నాకు చాలా ఇష్టంగా ఉంటుంది.